పన్నెండు టన్నుల వంతెన

మార్చి 3

అన్నయ్యా,

వదిన రాసిన కార్డు నిన్న అందింది. నీకు ప్రమోషనట! మా గని కంపెనీ హెడ్డాఫీసులోనే సొంత బల్ల, తల మీద సొంత ఫ్యాను. నాన్న ఉండుంటే రోడ్డు మీద పోయే ప్రతి లారీనీ ఆపి ఈ సంగతి చెప్పేవాడు. ఏ సెక్షనో మాత్రం వదిన రాయలేదు. ఏదైతేనేం, కూర్చుని చేసే పని. నీ నడుముకి మంచిది.

ఫోన్ ఎందుకు చెయ్యనని అడిగావట. ఈ కొండల్లో సిగ్నల్ దొరికేది ఒక్క చోటే, ఖనిజాన్ని రైలుకి ఎక్కించే సైడింగ్‌లో, నీళ్ల ట్యాంకు మెట్ల మీద. అక్కడ నిలబడి అరిచి మాట్లాడాలి. పోయినసారి నేను నీ నడుంనొప్పి గురించి అడుగుతుంటే, కింద వరసలో ఉన్న డ్రైవర్లు ముగ్గురు మందులు చెప్పారు. అందుకే ఉత్తరం.

ఇక్కడి సంగతి చెప్తే నీ సంతోషం పాడవుతుంది. అయినా చెప్తా, లేకపోతే నాకు అన్నం దిగదు. గని గేటు నుంచి సైడింగ్ దాకా నలభై ఆరు కిలోమీటర్లు. దాన్ని రోడ్డు అనడం మర్యాద కోసమే. గుంటల మధ్య అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. ఖనిజం నింపిన టిప్పరు ఆ గుంటల్లో దిగి లేస్తుంటే దవడలు నొప్పెడతాయి. అయినా ఎవరి జాగ్రత్తలో వాళ్లం వచ్చేవాళ్లం. ఈ నెల ఒకటో తారీఖున గేటుకి నోటీసు అంటించారు. గంటా ఇరవై ఐదు నిమిషాల్లో సైడింగ్ గేటు దాటాలట. దాటకపోతే ఆలస్యపు చీటీ. ఐదు చీటీలైతే ఒక రోజు బండి పక్కన పెట్టాలి.

సైడింగ్ బయట ఎప్పుడు చూసినా నలభై బండ్ల వరస ఉంటుంది. మూడు గంటలు, నాలుగు గంటలు ఎండలో నిలబడతాం. గేటు లోపలికి వెళ్లాకే టైము రాస్తారు. అంటే, వాళ్ల గేటు ముందు వాళ్లే మమ్మల్ని నిలబెట్టి, నిలబడ్డందుకు మాకే చీటీ ఇస్తున్నారు! వరసలో ఆడవాళ్లం ఇద్దరం. మరుగుదొడ్డి ఒకటుంది, దానికి తాళం. తాళంచెవి సూపర్‌వైజరు సొరుగులో. అడిగితే “ఎందుకమ్మా?” అంటాడు. “పాట పాడుకోవడానికి,” అన్నాను.

వీటన్నిటికంటే నాకు భయం వంతెన. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర వాగు మీద పాత వంతెన. “పన్నెండు టన్నులు మించరాదు” అని బోర్డు ఉంది. మా బండి లోడుతో ముప్పై నాలుగు టన్నులు. మేం ఎక్కగానే అది కిర్రుమంటుంది. కంపెనీవాళ్లు రోజూ ఆ బోర్డు పక్కనుంచే జీపులో పోతారు.

ఈ టైమింగులు వేసిన మహానుభావుడెవరో హెడ్డాఫీసులో ఉన్నాడట. డ్రైవర్లందరూ వాడికి ‘గడియారం’ అని పేరు పెట్టారు. పొద్దున లేస్తే వాడికి తిట్లతోనే మాకు తెల్లవారుతుంది. వాడెవడో కాస్త కనుక్కో. దొరికితే నా తరఫున రెండు మాటలు అను. ఏమిటో నేను ఉత్తరంలో రాయలేను.

వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


మార్చి 14

చెల్లాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మేం క్షేమం. ఫ్యాను ఉన్న మాట నిజమేగానీ అది తిరిగేటప్పుడు చేసే శబ్దానికి పక్కవాడి మాట వినపడదు. మీ వదిన నాకు కొత్త చొక్కాలు రెండు కొన్నది, ఆఫీసరులా కనపడాలని. మెడ దగ్గర బిగుతు.

నువ్వు రాసినవన్నీ చదివాను. చెల్లాయ్, కోపంలో రాసే మాటలు కొంచెం పెద్దవిగా పడతాయి. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే. మోకాలు గీసుకుపోతే కాలు విరిగిందనేదానివి. సైడింగ్ దగ్గర వరస అన్నావు. మా దగ్గరికి వచ్చే గేటు రిజిస్టర్లలో వరస అన్న గడి ఎక్కడా లేదు. బయల్దేరిన టైము, చేరిన టైము, అంతే. నాలుగు గంటల వరస ఉంటే ఎవరో ఒకరు రాసేవాళ్లు కదా?

ఏ నిబంధనకైనా ఒక కారణం ఉంటుంది. టైమింగులు వేసినవాడు కూడా ఎవడో పెళ్లాం పిల్లలున్నవాడే అయి ఉంటాడు. నోటికొచ్చినట్టు తిట్టకండి.

వంతెన సంగతి మాత్రం అలా వదిలెయ్యకూడదు. డ్రైవర్లందరూ కలిసి పద్ధతిగా ఒక అర్జీ రాసి నాకు పంపండి. పైవాళ్ల దృష్టికి నేను తీసుకెళ్తాను. మరుగుదొడ్డి గురించి కూడా ఒక నోటు పెడతాను.

వేళకి తిను. ఎండలో తల తడుపుకో.

నీ అన్నయ్య


మార్చి 29

అన్నయ్యా,

నేను విరిగిందన్న ఆ కాలికి నాన్న పదిహేను రోజులు కట్టు కట్టించాడు. మర్చిపోయినట్టున్నావు.

అర్జీ దీనితో పెట్టాను. నలభై ఒక్క సంతకాలు. రాసింది మాస్టారు. ఆయన బడి మాస్టారు కాదు. ఈ దారిలో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే, నాకూ ఆయనే. అందుకని అందరికీ మాస్టారు. అక్షరాలు చూడు, అచ్చు వేసినట్టుంటాయి. “కోపం వద్దమ్మా, విషయం రాద్దాం,” అంటూ నా చేతిలో కలం లాక్కుని రాశారు. నేను రాస్తే మొదటి వాక్యానికే మనందరి ఉద్యోగాలూ పోతాయట.

ఆయన వంతెన దాటే పద్ధతి నువ్వు చూడాలి. వంతెన ముందు బండి ఆపుతారు. దిగుతారు. వాగు ఒడ్డు దాకా వెళ్లి వంగి కింద స్తంభాలు చూస్తారు. ఎదురుగా వచ్చే ఖాళీ బండ్లన్నీ పోనిచ్చి, మనిషి నడిచేంత మెల్లగా దాటిస్తారు. పదకొండు నిమిషాలు పడుతుంది. వెనకున్న కుర్రాళ్లు హారన్లు కొడతారు. ఆయన చెయ్యి బయటపెట్టి ఊరుకోమన్నట్టు ఊపుతారు, అంతే. ఈ నెల ఆయనకొచ్చినన్ని ఆలస్యపు చీటీలు ఎవరికీ రాలేదు. “చీటీలదేముంది, కాగితాలే కదా. బండి కిందపడితే లేపడం కష్టం,” అంటారు.

నీ నోటు పనిచేసింది. మరుగుదొడ్డికి రెండో తాళం వేశారు.

నేను మాత్రం అందరికీ గొప్పగా చెప్పేశాను. మా అన్నయ్య హెడ్డాఫీసులో ఉన్నాడు, వంతెన సంగతి ఆయన చూసుకుంటాడు అని. నా మాట నిలబెట్టు.

గడియారం ఎవరో కనుక్కోలేదా?

నీ చెల్లెలు


ఏప్రిల్ 10

చెల్లాయికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మీ వదిన చెత్తబుట్ట చూసి ఏమైందని అడిగింది.

అర్జీ రవాణా మేనేజరు చేతికి నేనే స్వయంగా ఇచ్చాను. “పరిశీలిస్తాం,” అన్నారు. ఫైలు కదిలింది. అది నిజం.

రెండో నిజం ఏమిటంటే, గడియారం నేనే.

నాకు వచ్చిన ప్రమోషన్ ఆ సెక్షన్‌కే. కుర్చీలో కూర్చున్న మొదటివారమే మేనేజరు ఒక మ్యాపు ఇచ్చి టైమింగులు వెయ్యమన్నారు. దూరం కొలిచాను. గంటకి నలభై కిలోమీటర్లు అనుకుని లెక్కకట్టాను. డ్రైవర్లకి ఇబ్బంది కాకూడదని నా అంతట నేనే పదిహేను నిమిషాలు ఎక్కువ కలిపాను. ఆ పదిహేను నిమిషాలు కలిపినందుకు ఆ రోజు ఎంత మంచివాణ్ణనుకున్నానో నీకు చెప్తే సిగ్గు.

మ్యాపులో ఆ దారి సన్నటి ఎర్రగీత. గుంటలు కనపడవు.

నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. పొద్దున్నే నలభై మంది నన్ను తిడుతున్నారని చెల్లెలే రాస్తే, నేనేనమ్మా అని ఎలా రాయను? కానీ నీ మాటలు కూడా తక్కువేం లేవు. చదువుకుని బల్ల ముందు కూర్చున్నంత మాత్రాన మనిషి కాకుండా పోతాడా? నాన్న కూడా నన్ను ఇలాగే అనేవాడు, “వీడికి స్టీరింగు పట్టే చేతులు లేవు” అని.

మీవాళ్లకి చెప్పాలనుకుంటే చెప్పు.

నీ అన్నయ్య


ఏప్రిల్ 18

అన్నయ్యా,

చదివి ముందు నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత మళ్లీ ఒళ్లు మండింది. ఎవరికీ చెప్పలేదు. ఒక్క మాస్టారికి చెప్పాను. ఆయన, “తెలియక వేశాడు, తెలిస్తే మారుస్తాడు. తిట్టేటప్పుడు నువ్వు కలవకు, సరిపోతుంది,” అన్నారు. అప్పటినుంచీ పొద్దున తిట్లప్పుడు టైర్లు చూసుకునే నెపంతో పక్కకి పోతున్నాను. నా టైర్లంత శుభ్రమైన టైర్లు ఈ దారిలో లేవు.

ఇప్పుడు నీ ఫైలు కదిలిన సంగతి చెప్తా. మొన్న సోమవారం జీపులో ఇద్దరు వచ్చారు. వంతెన దగ్గర దిగారు. మాకు ప్రాణం లేచొచ్చింది. కొలతలు తీసుకుంటారు కాబోలనుకున్నాం. వాళ్లు నిచ్చెన వేసి, బోర్డు మీది ‘పన్నెండు’ చెరిపేసి, ‘నలభై’ అని రాసి వెళ్లిపోయారు.

వంతెనకి ఒక్క మేకు కొట్టలేదు. తట్టెడు సిమెంటు పొయ్యలేదు. అంకె మార్చారు!

నలభై ఒక్క మంది సంతకం పెట్టి, మా ప్రాణాలు పోతాయని మొరపెట్టుకుంటే జవాబు ఇదా? మాస్టారు ఆ బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూశారు. ఆయనకి కోపం రావడం నేను మొదటిసారి చూశాను. “మన అర్జీ చదివారమ్మా. చదివే ఈ పని చేశారు,” అన్నారు.

బల్ల ముందు కూర్చోవడం తప్పని నేనెప్పుడూ అనలేదు. ఒక్కసారి వచ్చి నా పక్క సీట్లో కూర్చో అంటున్నాను. ఒక్క ట్రిప్పు.

నీ చెల్లెలు


మే 2

చెల్లాయికి,

సెలవు అడిగాను, ఇవ్వలేదు. అయినా నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టైమింగు రెండున్నర గంటలకి పెంచి కొత్త నోటీసు రాసి పెట్టాను. మేనేజరు నా ఎదురుగానే ఎర్రసిరాతో కొట్టేశారు. “మీరు ట్రిప్పులు పెంచడానికొచ్చారా, తగ్గించడానికొచ్చారా?” అన్నారు.

వంతెన గురించి మాత్రం నువ్వు పొరబడ్డావు. ఫైలు నేను కళ్లారా చూశాను. “వంతెన పటిష్ఠం చేయబడినది, సామర్థ్యం నలభై టన్నులు” అని స్పష్టంగా రాసి, కింద ఇంజనీరు సంతకం ఉంది. మీరు లేనప్పుడు పని జరిగి ఉండొచ్చు. కిందివైపు చేసిన పని పైకి కనపడదు. ఇంజనీరు సంతకం పెట్టాడంటే ఊరికే పెడతాడా? ప్రతిదానికీ మోసం అంటే, రేపు నిజంగా మోసం జరిగినప్పుడు ఎవరూ వినరు. మాస్టారికి కూడా ఈ మాట చెప్పు, ఆయన కుదుటపడతారు.

మీ వదిన నీకు ఒక పెద్ద టోపీ పంపుతోంది. పెట్టుకో, నవ్వకు.

నీ అన్నయ్య


మే 11

అన్నయ్యా,

వంతెన కూలిపోయింది. మాస్టారు పోయారు.

నీ ఉత్తరం నాకు తొమ్మిదో తారీఖున అందింది. ఫైల్లో పటిష్ఠం చేశారని ఉందట అని ఆయనకి చెప్పాను. తల ఊపారు. నిన్న పొద్దున గని గేటు దగ్గర ఆయన బండి ముందు, తర్వాత ఇంకొకరిది, మూడోది నాది. ఏడూ నలభైకి బయల్దేరాం. తొమ్మిదీ ఇరవైకి వంతెన చేరాం. ఆయన ఎప్పట్లాగే ఆపారు. దిగారు. వంగి చూశారు. నీ ఫైలు మాట విన్నా కూడా చూశారు, అన్నయ్యా. ఎక్కి, మెల్లగా పోనిచ్చారు. మధ్యదాకా వెళ్లాక స్తంభం ఒకటి పక్కకి వాలింది. చప్పుడు తర్వాత వచ్చింది. ముందు బండి తోక లేచింది, అంతే. ఇక అక్కడ బండి లేదు.

దిగి పరుగెత్తాం. క్యాబిన్ నొక్కుకుపోయింది. జాకీలతో, గునపాలతో గంటసేపు కొట్టి బయటికి తీశాం. స్పృహలోనే ఉన్నారు. “వెనకాల ఎవరూ ఎక్కలేదు కదా?” అని అడిగారు. ఆయన అడిగింది అదొక్కటే.

అంబులెన్సు ఈ దారిలో రెండు గంటల దూరం. వంతెన లేదు కాబట్టి చుట్టుదారిన సైడింగ్ దగ్గరి ఆసుపత్రికి పోవాలి, అంతా ఎక్కుడు. లోడుతో ఆ ఎక్కుడు ఎక్కితే ఎప్పటికి చేరతాను? రోడ్డు మీదే లివరు ఎత్తి ఖనిజం మొత్తం పారబోశాను. ఆయన్ని పక్క సీటు మీద పడుకోబెట్టాం. ఇంకో డ్రైవరు తల ఒళ్లో పెట్టుకున్నాడు. నా జన్మలో అంత వేగంగా నడపలేదు. ఆసుపత్రి గేటు కనపడుతుండగా ఆ డ్రైవరు, “ఇక మెల్లగా పోనీ,” అన్నాడు.

ఈ పొద్దున సూపర్‌వైజరు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. అనుమతి లేకుండా కంపెనీ ఖనిజాన్ని రోడ్డు మీద పారబోసినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

ఇంజనీరు ఊరికే సంతకం పెడతాడా అని రాశావు. ఎందుకు పెట్టాడో అడిగి చెప్పు.

చెల్లెలు


మే 20

అన్నయ్యకి,

సైడింగ్ నోటీసు బోర్డు మీద ప్రమాదం రిపోర్టు అంటించారు. “డ్రైవరు అతివేగమే కారణం.” దాని వెనక గేటు టైముల కాగితం. దాని కింద నీ సంతకం.

నీ సంతకం నాకు తెలియదా? బడిలో నా మార్కుల కార్డు మీద నాన్న బదులు నువ్వే పెట్టేవాడివి.

మనిషి నడిచేంత మెల్లగా దాటిన మనిషిని అతివేగం అన్నారు. పిన్ని, అదే, మాస్టారి భార్య, అది చదువుకుంది. నన్ను అడిగింది: “మీ అన్నయ్య మనవైపు ఉన్నాడన్నావు కదమ్మా?” తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాకు ఇక ఉత్తరాలు రాయకు. వచ్చినా విప్పను.


మే 27

చెల్లాయ్,

నువ్వు విప్పనన్నావు. అందుకని కవరు లేకుండా, వరసలో నీకు తోడున్న రెండో డ్రైవరమ్మ పేరు మీద పంపుతున్నాను. ఆవిడ చదివి వినిపిస్తుందని ఆశ.

సంతకం నాదే. మేనేజరు ఒక్క కాగితం ఇచ్చారు, గేటు టైములున్న పేజీ నకలు. “నకలు సరిగ్గా ఉందని సంతకం పెట్టండి,” అన్నారు. సరిగ్గానే ఉంది, పెట్టాను. దాన్ని ఏ రిపోర్టుకి తగిలిస్తారో చూపించలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం నా తప్పు. దానికి నేను సాకు చెప్పను.

నీ ఉత్తరం చూశాక మేనేజరు గదిలోకి వెళ్లాను. మొదటిసారి తలుపు కొట్టకుండా వెళ్లాను.

“అతివేగం అని ఎలా రాశారు సార్?”

“ఆయనకి రోజూ ఆలస్యమేనయ్యా. నీ సెక్షన్ చీటీలే చెప్తున్నాయి. ఆలస్యమైనవాడు టైము కలుపుకోడానికి తొందరపడతాడు. సహజం.”

“నడక వేగంతో దాటాడని వెనకున్నవాళ్లు చెప్తున్నారు.”

“వెనకున్నవాళ్లు డ్రైవర్లు. వాళ్లంతా ఒకటి. నువ్వు మా మనిషివి.”

నా బల్ల దగ్గరికొచ్చి ఆయన రిపోర్టే మళ్లీ చదివాను. గని గేటు వదిలింది ఏడూ నలభై. ప్రమాదం తొమ్మిదీ ఇరవై ఐదు. ముప్పై కిలోమీటర్లకి గంటా నలభై ఐదు నిమిషాలు. సైకిలు మీద పోయేవాడు కూడా దాటిపోతాడు. వాళ్ల కాగితమే వాళ్ల అబద్ధాన్ని బయటపెడుతోంది.

ఆ తర్వాత చీటీలు తీశాను. మాస్టారి పేరు మీద యాభై ఎనిమిది. ఆ మనిషి ఈ దారిలో ఎప్పుడూ తొందరపడలేదనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంది? ఏ కాగితంతో నేను ఆయన్ని శిక్షించానో, అదే కాగితం.

చివరికి వంతెన ఫైలు అడుగుదాకా తిరగేశాను. నువ్వన్నదే నిజం. పని జరిగినట్టు ఒక్క ఆర్డరు లేదు. సిమెంటు లేదు, ఇనుము లేదు. ఉన్నది స్టోరు నుంచి సామాను అడిగిన ఒకే ఒక్క చీటీ: తెల్ల పెయింటు ఒక డబ్బా, నల్ల పెయింటు ఒక డబ్బా, బ్రష్షు ఒకటి. ఆ ఒక్క చీటీ ఆధారంగానే ఇంజనీరు ‘పటిష్ఠం’ అని రాసి సంతకం పెట్టాడు. నేను దాన్ని నమ్మి, నీకు నీతులు చెప్పాను. మాస్టారిని కుదుటపడమన్నాను. ఆ వాక్యం గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

ప్రభుత్వం తరఫున విచారణ జూన్ ఎనిమిదిన సైడింగ్‌లోనే అట. నేను వస్తున్నాను, ఎవరూ పిలవకపోయినా. చీటీలూ ఫైలూ నాతోనే ఉన్నాయి. ఏమవుతుందని మీ వదిన అడిగింది. చెప్పాను. “ఆ బిగుతు చొక్కాలు వేసుకునే బాధ తప్పుతుందిలే,” అంది.

నీ అన్నయ్య


జూన్ 12

చెల్లాయికి,

క్షేమంగా చేరాను. విచారణకి ముందురోజు నీ బండిలో చుట్టుదారిన తిప్పి చూపించావు. నా పుచ్చిన దంతం ఒకటి అక్కడే ఏదో గుంటలో ఉండిపోయింది, బెంగ లేదు. వరస కూడా చూశాను. యాభై రెండు బండ్లు లెక్కపెట్టాను.

విచారణ షెడ్డులోకి డ్రైవర్లని రానివ్వలేదు కదా. నాకు బస్సు వేళ మించిపోయి, లోపల ఏం జరిగిందో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను.

విచారణాధికారి పెద్దావిడ. నన్ను చూసి, “సాక్షుల జాబితాలో మీరు లేరే?” అన్నారు. “రిపోర్టు మీద సంతకం ఉంది కదండి,” అన్నాను. కూర్చోమన్నారు.

“మీరు సంతకం పెట్టిన కాగితానికి వ్యతిరేకంగా మాట్లాడుతున్నారా?”

“లేదండి. ఆ కాగితాన్నే చదవమంటున్నాను.”

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. పెన్సిలుతో పక్కన గుణించుకున్నారు. మళ్లీ గుణించుకున్నారు. మేనేజరుని అడిగారు: “ముప్పై కిలోమీటర్లు ఇంత మెల్లగా వచ్చిన మనిషి సరిగ్గా వంతెన మీదే తొందరపడ్డాడంటారా?”

“డ్రైవర్ల సంగతి మీకు తెలియదు మేడం.”

నేనుండబట్టలేకపోయాను. “నాకు తెలుసండి. మా నాన్న డ్రైవరు. మా చెల్లెలు డ్రైవరు,” అన్నాను. యాభై ఎనిమిది చీటీలు బల్ల మీద పెట్టాను. పెయింటు చీటీ అన్నిటికంటే పైన పెట్టాను. ఆవిడ దాన్ని ఇంజనీరు వైపు తిప్పి, “వంతెనని పటిష్ఠం చేసింది దీనితోనేనా?” అని అడిగారు. అతను నీళ్లు నమిలాడు. అడిగిన ప్రతిదానికీ మేనేజరు ముఖమే చూశాడు.

చివర్లో, “ఇంకేమైనా చెప్తారా?” అన్నారు. “ఆ టైమింగులు వేసింది నేను. ఒక్కసారీ ఆ దారి చూడకుండా వేశాను. వంతెన గురించి అర్జీ నా చేతికే వచ్చింది. మేనేజరుకి ఇచ్చి ఊరుకున్నాను. అది కూడా రాసుకోండి,” అన్నాను. ఆవిడ రాసుకున్నారు.

నిన్న ఆఫీసుకి వెళ్తే గేటు దగ్గరే ఆపారు. ఫైలు బయటికి తీసుకెళ్లినందుకు సస్పెండు చేశారు. వాచ్‌మన్ ఆ కాగితం ఇస్తూ తల దించుకున్నాడు. నాకు మాత్రం తలెత్తి నడవబుద్ధయింది.

నాతో మాట్లాడినందుకు, బండి ఎక్కించుకున్నందుకు ఏం రాయాలో తెలియడం లేదు.

నీ అన్నయ్య


జూలై 1

అన్నయ్యా,

ఏం రాయక్కర్లేదు. ఉత్తరాలు రాయొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాయకపోతే ఊరుకోను.

విచారణ తీర్పు వచ్చింది. మోయగలిగినదానికి రెండున్నర రెట్లకి పైగా బరువు పంపడమే కారణమని, బోర్డు మార్చడం నేరమని రాశారు. ఇంజనీరు మీద కేసు పెట్టారు. మేనేజరుని మాత్రం వేరే ఊరి ఆఫీసుకి మార్చారట. అంటే అక్కడ మరో బల్ల, మరో ఫ్యాను. ఆయన్ని అక్కడ ఏ దారి మీద కూర్చోబెట్టారో, ఆ దారిలో ఎవరు నడుపుతున్నారో అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తోంది. నీ ఉద్యోగం గురించి ఒక్క ముక్క రాయలేదు. నిజం చెప్పినవాడు ఇంట్లో కూర్చున్నాడు, అబద్ధం రాసినవాడికి కుర్చీ మారింది. దాని మీద మేం మళ్లీ అర్జీ పెడుతున్నాం. ఈసారి నేనే రాశాను. మొదటి వాక్యం కాస్త ఘాటుగానే ఉంది. సంతకాలు అరవై మూడు.

టైమింగుల నోటీసు తీసేశారు. బండ్లన్నీ చుట్టుదారిన పోతున్నాయి, లోడు సగం. మరుగుదొడ్డి రెండు తాళాలూ ఆడవాళ్లం ఇద్దరం సుత్తితో పగలగొట్టాం. ఎవరూ సంజాయిషీ అడగలేదు.

ఖనిజం పారబోసిన సంజాయిషీ మాత్రం ఇంకా అడుగుతున్నారు. “ఎందుకు పారబోశావు?” అన్న గడిలో “మనిషి కోసం” అని రాసి ఇచ్చాను. అది సరైన ఫారం కాదని తిప్పి పంపారు. అదే మాట మళ్లీ రాసి పంపాను.

ఇక నిన్నటి సంగతి. విచారణాధికారి ఆదేశమట, కొత్త రిపోర్టు అంటించడానికి మేనేజరే వచ్చాడు, వెళ్లిపోయే ముందు చివరి పనిగా. అంటించి జీపెక్కబోతుంటే పిన్ని ఎదురుగా వెళ్లి నిలబడింది. వరసలో ఉన్న మేమందరం దిగాం.

“మా ఆయన పేరు పక్కనున్న ఆ మాట తీసేశారా?” అంది.

“తీసేశామమ్మా. అంటించాను, చూసుకోండి.”

“నాకు చూపు ఆనదు. చదవండి.”

పాత రిపోర్టు పిన్ని తనే చదువుకున్న సంగతి అతనికేం తెలుసు! అతను అటూ ఇటూ చూశాడు. జీపు ముందు మేమున్నాం. బోర్డు దగ్గరికి తిరిగొచ్చి చదివాడు. “ప్రమాదంలో డ్రైవరు తప్పు ఏమీ లేదు. ఆయన నిర్ణీత వేగం కంటే చాలా తక్కువ వేగంతో, పూర్తి జాగ్రత్తతో నడిపినట్టు రుజువైంది.” గొణిగినట్టు చదివాడు.

పిన్ని కదల్లేదు. చీర కొంగు భుజం చుట్టూ గట్టిగా లాక్కుంది.

“మళ్లీ చదవండి,” అంది. “వెనకున్నవాళ్లకి వినపడలేదు.”

మళ్లీ చదివాడు. ఈసారి వరస చివరున్న బండి దాకా వినపడింది.

నీ చెల్లెలు